చివరి బిగింపు

జీపు దొంగిలించడం గ్రీజుకి పెద్ద పనేమీ కాదు. ఆ జీపు దొంగిలించడానికి పనికొచ్చే స్థితిలో లేకపోవడమే అతని తలనొప్పి.

గ్రీజు అన్నది షెడ్డులో పెట్టిన పేరు. ఒకప్పుడు మంచి మెకానిక్కే. చేయి ఎంత తిన్ననో బుద్ధి అంత వంకర కాబట్టి మూడు షెడ్లలోంచి గెంటేశారు. ఇప్పుడు అక్క ఇంటి వరండాలో పడుకుంటున్నాడు. బావ రోజూ పేపరు తిరగేస్తూ, ఎవర్నీ ఉద్దేశించనట్టే, తిని పడుకునేవాళ్ల గురించి ఒక మాట విసురుతాడు. ఆ మాట తప్పించుకోవాలంటే గ్రీజుకి సొంత షెడ్డు కావాలి. షెడ్డుకి దారి ఈ జీపే.

బేరం తెచ్చింది టీ కొట్టు దగ్గర పరిచయమైన ఒక పెద్దమనిషి. పాత బళ్లంటే ఆయనకి పిచ్చి. రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన పాత సామాను పోగేసి, ఇంటి పెరట్లో పన్నెండేళ్లుగా జీపు కట్టుకుంటున్నాడని చెప్పాడు. అలాంటి మోడల్ ఇప్పుడు కలికానికి కూడా దొరకదట. ఎలా తెచ్చావని అడగనన్నాడు. షరతు మాత్రం ఒకటి పెట్టాడు.

"నలభై దాటితే స్టీరింగు వణక్కూడదు. రెండో గేరు జారిపోకూడదు. ఆ రెండూ కుదిరితేనే తీసుకురా. లేకపోతే ఆ బండి నాకొద్దు."

గ్రీజు మర్నాడే మాస్టారి గేటు తట్టాడు. పాత బళ్లంటే ప్రాణమనీ, జీతం వద్దనీ, పక్కనుండి సాయం చేస్తాననీ అన్నాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, కాసేపు ఎగాదిగా చూసి, సరే రమ్మన్నారు.

మొదటి రోజే గ్రీజుకి నవ్వాగలేదు. మాస్టారు పన్నెండో నంబరు నట్టుకి పద్నాలుగో నంబరు స్పానర్ తగిలించి కుస్తీ పడుతున్నారు. ఈయనేమిటి, జీపు కట్టడమేమిటి అనుకున్నాడు. బానెట్ ఎత్తి చూశాక మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. ఇంజను బిగించిన తీరు చేయి తిరిగినవాడిది. బ్రేకుల పని ఇంకో పద్ధతిలో ఉంది, అదీ వంక పెట్టడానికి లేదు. వెల్డింగయితే స్కేలుతో గీత గీసినట్టుంది. వయసు మీద పడి పనితనం మర్చిపోయి ఉంటారు పాపం, అని జాలిపడ్డాడు.

ముందు స్టీరింగు పట్టాడు. ముందు చక్రాలు విప్పి, సందులు పూడ్చే వెంట్రుకంత పలచటి షిమ్ము రేకులు ఒక్కోటీ వేస్తూ, తీస్తూ, మళ్లీ వేస్తూ తొమ్మిది రోజులు నేల మీదే దొర్లాడు. గేరుబాక్సు లోపల స్ప్రింగు నీరసించింది. దానికి సరిపోయేది బజారులో లేదు. వేరే బండి స్ప్రింగు తెచ్చి, అర చుట్టు కోసి, మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పాడు. దొంగతనంలో ఇంత చాకిరీ ఉంటుందని తెలిస్తే బుద్ధిగా ఉద్యోగమే చేసుకునేవాడు.

మాస్టారు మాటిమాటికీ ఇక చాలు, నడుస్తోంది కదా అనేవారు. గ్రీజే ఊరుకునేవాడు కాదు. ఏదో ఒక మూల చప్పుడు వినిపించేది, మళ్లీ కిందకి దూరేవాడు. ఒక సాయంత్రం మాస్టారి భార్య టీ తెచ్చి ఇచ్చాక, ఆయన అతని చేతులకేసి చూస్తూ అన్నారు.

"నీ చేతిలో విద్య ఉంది నాయనా. సొంతంగా షెడ్డు పెట్టుకోకూడదూ?"

"ఆ ప్రయత్నంలోనే ఉన్నానండీ," అన్నాడు గ్రీజు. ఒక్క క్షణం సిగ్గేసింది. టీ చల్లారేలోపు ఆ సిగ్గూ పోయింది.

ఆరు వారాలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్లాలు నిద్రపోతుండగా గ్రీజు మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకున్నాడు. జీపు మొదటి నొక్కుకే స్టార్టయింది. అరవై దాటినా స్టీరింగు చెయ్యి వదిలేయొచ్చన్నంత నిమ్మళంగా ఉంది. దొరికిపోతానేమోనన్న భయం కంటే, ఇది నా పని అన్న సంతోషమే అతనికి ఎక్కువగా ఉంది.

పెద్దమనిషి ఊరి బయట మూతపడిన కలప మిల్లు దగ్గర ఎదురుచూస్తున్నాడు. బండి కిందకి వంగి చూశాడు. బానెట్ మీద చెవి ఆనించి విన్నాడు. ఒక్క రౌండు వేసొస్తానన్నాడు. పరాయివాడికి తాళంచెవి ఇవ్వకూడదని దొంగతనంలో ఓనమాలు దిద్దినవాడికైనా తెలుసు. కానీ గ్రీజు తన పనితనం మెచ్చుకోబోతున్న మనిషిని చూస్తున్నాడు. రెండో గేరులో ఎంత దూరమైనా లాగించి చూడమని అతనే పురమాయించి, డోరు కూడా తనే వేశాడు.

దుంగ మీద కూర్చుని ఎదురుచూశాడు. గంటయింది. రెండు గంటలయింది. ఎండ వాలాక సంగతి అర్థమైంది.

స్టేషనుకి వెళ్లి ఎవరి బండి పోయిందని చెప్పగలడు? దొంగకి తేలు కుట్టినట్టు పళ్లు బిగబట్టుకుని అక్క ఇంటి దారి పట్టాడు. సొంత షెడ్డు పోయింది, ఆరు వారాల ఒళ్లు నొప్పులే మిగిలాయి. అంతకంటే వింతగా, పన్నెండేళ్ల కష్టం పోగొట్టుకున్న మాస్టారు గుర్తొచ్చినప్పుడల్లా అతను నడక ఆపి వెనక్కి తిరిగి చూశాడు.

అదే సమయంలో పెద్దమనిషి ఒక ఇంటి పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తన అక్క, అంటే మాస్టారి భార్య, అందించిన తువ్వాలుతో తుడుచుకుంటూ, జీపు చుట్టూ తిరిగి చూస్తున్న డ్రాయింగు మాస్టారితో అన్నాడు: "ఇంజను బిగించిన దొంగ కంటే, బ్రేకులు వేసిన దొంగ కంటే వీడి చేయే నయం బావగారూ, ఇక రంగు ఒక్కటే మిగిలింది, పెయింటింగు తెలిసిన దొంగ ఒకడు తగిలాడు, రేపు పంపిస్తాను."