తప్పించుకోలేని వాక్యం

ఓష్ బజారులో మా పొగాకు వరస ఈగలు తోలుకుంటోంది. కుర్రకారంతా ఈ-సిగరెట్ల మీద పడ్డారు. ఇలాగే సాగితే చలికాలం నాటికి మా పన్నెండు కొట్లకూ తాళాలే. తాతల నాటి వ్యాపారం మరి, ఏడుపొస్తోంది.

ఆ ఈ-సిగరెట్లని బజారులోంచి వెళ్ళగొట్టమని అర్జీ పెట్టుకున్నాం. బజారు అధికారిణి గుల్సునై అక్క ముద్ర పట్టుకుని స్వయంగా మా సంఘానికి వచ్చింది.

మా వాళ్ళు సభల్లో నోరు విప్పరు. సంఘం పెద్ద మిర్జాకమత్ అన్న మరీను, తల ఊపితే అదే ఉపన్యాసం. కాబట్టి మాటా రాతా నావే. జిల్లా పత్రికలో రెండు కవితలు పడ్డవాణ్ణి, ఆ పొగరు ఇంకా దిగలేదు. మాట్లాడాల్సిన రోజు కదా అని పొద్దుటి నుంచి టీ తప్ప ఇంకేదీ నోట పెట్టలేదు.

"సరుకు పేరు రాస్తే లాభం లేదు తమ్ముడూ. రేపు పేరు మార్చి అమ్ముతారు. ఎవడూ తప్పించుకోలేని వాక్యం ఒకటి చెప్పు. ఇప్పుడే ముద్ర కొట్టి గేటుకి అంటించేస్తా," అంది అక్క.

కళ్ళు మూసుకున్నాను. తట్టింది!

"రాసుకో అక్కా. నిప్పు అంటించకుండా నోట పెట్టుకునే నికోటిన్ సరుకు, ఏ పేరుతో ఉన్నా సరే, ఈ బజారులో అమ్మరాదు."

ఆవిడ కలం ఆపి నావైపు చూసింది.

"ఇంకోసారి ఆలోచించుకో."

"కవి మాట మార్చడక్కా!"

మిర్జాకమత్ అన్న దిగ్గున లేచాడు. రెండు చేతులూ ఊపుతూ "ఊఁ! ఊఁ!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. మిగతావాళ్ళూ లేచి "ఊఁ! ఊఁ!" అన్నారు. నా కవితలకి ఏనాడూ ఇంత స్పందన రాలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని అందరికీ వంగి దణ్ణం పెట్టాను.

అన్న తట్టుకోలేక బయటికి పరుగెత్తాడు. పెద్దమనిషి, ఆనందం నలుగురిలో చూపించుకోలేడు పాపం అనుకున్నాను. ఈలోగా ముద్ర పడింది. కాగితం తీసుకుని అక్క గేటువైపు వెళ్ళిపోయింది.

అన్న మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి, మా సభలో మొట్టమొదటిసారి నోరు విప్పాడు.

"నోట్లో నస్వాయ్ ఉమ్మేసి వచ్చేలోపే కొంప ముంచేశావు కదరా కవీ, నాలుక కింద పెట్టుకునే మన పొగాకుకి నిప్పంటించేదెవడ్రా?"