శ్రీదుర్గ ఫోను

“తెరవలేనమ్మా. నేనే కాదు, మా కంపెనీ కూడా తెరవలేదు,” అన్నాడు సర్వీస్ సెంటర్ మేనేజర్ గణేష్‌బాబు, పదకొండు రోజుల్లో పదకొండోసారి.

కౌంటరు ఇవతల సత్యకుమారి కదలలేదు. రొయ్యలు వలిచే షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. ఆ వాసనకి పక్కనున్నవాళ్ళు ఓ అడుగు జరిగారు. ఆమె చేతిలో కూతురు శ్రీదుర్గ ఫోను ఉంది. ఉండి ఊరు వెళ్ళే రోడ్డు మీద లారీ గుద్ది ఆ పిల్ల పోయి నెల కావస్తోంది. ఫోనుకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు. ఆగిపోతే ఏమైపోతుందోనని, సత్యకుమారి దానికి ఒక్కపూట కూడా చార్జింగ్ తగ్గనివ్వలేదు.

“నాకు ఫొటోలొద్దు బాబూ, మెసేజీలొద్దు. దాని గొంతు ఒక్కసారి వినిపించండి చాలు. నా డొక్కు ఫోన్లో ఏదీ దాచుకోలేదండి. మొన్నటినుంచి అది ‘అమ్మా’ అని ఎలా పిలిచేదో సరిగ్గా గుర్తు రావట్లేదు.”

గణేష్‌బాబు తల దించుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే ఇవ్వనన్నాడు. ‘మీ ఫోను మీదే, మేమూ పరాయివాళ్ళమే’ అని ఊరూరా బోర్డులు పెట్టుకున్న కంపెనీ అది.

లోకల్ చానెల్ ఉదయ్‌భాస్కర్ ఈ సంగతి బయటపెట్టాక భీమవరం రెండు పార్టీలైంది. కంపెనీకి గుండె లేదని కొందరు, ఇచ్చిన మాట మీద నిలబడిందని కొందరు. రోజూ టీవీలో నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. చచ్చిపోయిన పిల్ల పేరు సరిగ్గా చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఆ వేళ కూడా ఉదయ్‌భాస్కర్ మైకుతో దిగాడు. “చూశారా, కన్నతల్లికే దిక్కులేదు! ఇలాంటి కంపెనీని ఊళ్ళోంచి తరిమెయ్యాలా వద్దా? మీరు చెప్పండి సార్!” అంటూ, స్క్రీను మార్పించుకోవడానికి వచ్చిన రిటైర్డ్ మాస్టారు వెంకటరత్నంగారి ముందు మైకు పెట్టాడు.

“వద్దండి,” అన్నారాయన. “ఇవాళ ఈవిడకి తెరిస్తే, రేపు ఎవడో వచ్చి నా మనవరాలి ఫోను తెరవమంటాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం?”

“మీ మనవరాలు బతికుందండీ!” అన్నాడు ఉదయ్‌భాస్కర్.

దాంతో షాపంతా గోలైపోయింది. గణేష్‌బాబు ఎవరినీ ఆపలేకపోయాడు.

“మాస్టారు చెప్పింది నిజమేనండి,” అంది సత్యకుమారి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“కాలేజీలో ఎవరో పిల్ల ఫొటోలు బయటికొచ్చాయని, దుర్గ ఏడ్చి మరీ ఈ కంపెనీ ఫోనే కొనిపించుకుంది. ఇందులోవి ఎవరూ తియ్యలేరమ్మా అంది. ఆ మాట నమ్మే కొన్నాను. ఎవరూ అంటే నేను కూడానని అనుకోలేదండి.”

ఉదయ్‌భాస్కర్ మైకు దించేశాడు.

అప్పుడే తలుపు తోసుకుని, కాలికి కట్టుతో, చంకలో కర్రతో ఒక పిల్ల లోపలికి వచ్చింది. శ్రీదుర్గతోపాటు ఆ రోజు స్కూటీ మీదున్న హారతి. నిన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది.

“టీవీలో చూసి వచ్చానాంటీ! వీళ్ళెవరూ తెరవక్కర్లేదు, మీరే తెరవచ్చు. రెండేళ్ళ కిందట ఫోను కొన్న రోజు, మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, దుర్గ మీ కుడి బొటనవేలి ముద్ర ఇందులో ఎక్కించేసింది. నేను పక్కనే ఉన్నాను. ‘నాదీ, మా అమ్మదీ. ఇంకెవరిదీ లేదు’ అని నవ్వింది.”

సత్యకుమారి తన బొటనవేలి వైపు చూసుకుంది.

“ఇంకోటి ఆంటీ. ఆ రోజు స్కూటీ ఎక్కేముందు మీకు ఫోన్ చేసింది. మీరు షెడ్డులో ఉండి ఎత్తలేదు. మీకు చెప్పాల్సిందంతా ఇందులోనే మాట్లాడి రికార్డు చేసి పెట్టుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళి వినిపిస్తానంది.”

గణేష్‌బాబు మొహం వెలిగింది. ఫోను గుడ్డతో తుడిచి ఆమె ముందు పెట్టాడు. “అయిదుసార్లే తీసుకుంటుందమ్మా. తర్వాత వేలు పనిచెయ్యదు, మీ అమ్మాయి పెట్టుకున్న లాక్ నంబరే అడుగుతుంది. నిదానంగా పెట్టండి.”

“తల్లీ, మావుళ్ళమ్మా!” అని చేతులు జోడించారు మాస్టారు. కంపెనీని తిట్టినవాళ్ళూ పొగిడినవాళ్ళూ ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు.

సత్యకుమారి వేలు పెట్టింది. తెరుచుకోలేదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. లేదు. మూడోసారి హారతి ఆమె వేలు పట్టుకుని నొక్కింది. లేదు. నాలుగోసారీ లేదు. అయిదోసారి కళ్ళు మూసుకుని పెట్టింది. కళ్ళు తెరిచేసరికి ఫోను నంబరు అడుగుతోంది.

గణేష్‌బాబు ఆమె చెయ్యి లైటు కిందికి తిప్పాడు. బొటనవేలు తెల్లగా నానిపోయి, నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

“ఏంటమ్మా ఇది?”

“రొయ్యలు వలిచే చేతులు కదండి, ఐసులో అరిగిపోయాయి. రేషన్ మిషన్లో కూడా వేలు పడక, కళ్ళు చూసి ఇత్తన్నారు. ఇంకొక్కసారి పెట్టనా బాబూ?”

“మరి ఆ రోజు పడింది కదాంటీ! నేను కళ్ళారా చూశాను!” హారతి భోరుమంది.

సత్యకుమారి ఆ పిల్ల తల నిమిరింది.

“అప్పటికి నేనింకా షెడ్డులో చేరలేదమ్మా. ఈ ఫోను వాయిదాలు కట్టాలని, ఆ మర్నాడే చేరాను.”