బటన్ వత్తినంతసేపు

"బటన్ వత్తి మాట్లాడాలె, మార్కండీ. ఇడిస్తేనే నా మాట నీకు ఇనవడ్తది," అని నర్సింగ్ రావు దొర కొత్త వాకీటాకీ డ్రైవర్ చేతిల పెట్టిండు. "ముందు నడిచిపో. అడివిల నక్సలైటు అన్నలు కల్వర్టు కింద బాంబు పెట్టిన్రేమో చూసి చెప్పు. గప్పటిదాక జీపు కదలది."

వీర్నపల్లి తొవ్వల కల్వర్టు కిందికి వంగి చూసి, మార్కండి బటన్ వత్తిండు.

"చూసిన దొరా. మా తమ్ముణ్ని నువ్వు పోలీసులకు పట్టిచ్చిన నాడు, 'ఒక్క మాట చెప్పనియ్యి దొరా' అని వాడు నీ కాళ్లు వట్టుకున్నడు. నువ్వు చెప్పనియ్యలేదు."

దూరంగ దొర జీపు దిగి, వాకీటాకీ నోటికాడ పెట్టుకొని, కింద ఏమున్నదని అడుగుతనే ఉన్నడు. ఒక్క మాట ఇవతలికి వస్తలేదు.

కల్వర్టు కింద తుంగ తప్ప ఏం లేదు.

మార్కండి బటన్ ఇడువలేదు.