జారి పడిందట

ఈసారి కూడా పరీక్ష తప్పితే కంగారమ్మ పని అయిపోయినట్టే. తోటివాళ్లంతా బోర్డులు తగిలించుకుని పళ్లు పీకుతుంటే, తాను జూనియర్ల పక్కన కూర్చుని విన్న పాఠాలే మళ్లీ వినాలి. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. డెంటల్ కాలేజీలో చేరిన కొత్తల్లోనే క్లాసువాళ్లు పెట్టారు, అతికినట్టు సరిపోయింది.

కిందటిసారి తప్పింది పళ్ల దగ్గర కాదు, మాటల దగ్గర. వాళ్ల ప్రొఫెసరమ్మ ఏళ్ల తరబడి నోటి గాయాల మీద పరిశోధన చేస్తున్నారు. నోట్లో తగిలిన దెబ్బ ఎంత త్వరగా మానుతుంది, బయట కమిలిన మచ్చ ఎన్నాళ్లుంటుంది, మూతి పగిలి వచ్చిన ఆడవాళ్లలో నిజంగా పడినవాళ్లెందరు, పడ్డామని చెప్పినవాళ్లెందరు. ఆ పరిశోధనలోంచే ఈ పరీక్ష పుట్టింది. నటులు దెబ్బల మేకప్ వేసుకుని పేషెంట్లలా వస్తారు. విద్యార్థి వాళ్లను ముట్టుకోకుండా కళ్లతోనే దెబ్బలు పరిశీలించాలి, అడగాలి, నిజం రాబట్టాలి, చివర తన నిర్ణయం పైకి చెప్పాలి. ప్రొఫెసరమ్మ నల్లటి అద్దం వెనక కూర్చుని అంతా గమనిస్తారు. ఇటునుంచి చూస్తే ఆవిడ కనపడరు.

కంగారమ్మ ఆ రోజు దెబ్బ ఎలా తగిలిందని అడగడమే మరిచిపోయింది. అడిగిన నాలుగు ముక్కలూ నోట్లోనే నమిలేసింది. అద్దం అవతలికి ఒక్క మాటా వినపడలేదని సున్నా చుట్టారు.

అందుకే ఈసారి అందరికంటే ముందే వచ్చి, ఓపీ వరండా చివరనున్న పరీక్ష గదిలో కూర్చుంది. కూర్చుందన్న మాటేగానీ ఒకచోట నిలకడ లేదు. లేచి గ్లవ్స్ సర్దింది. కూర్చుంది. మళ్లీ లేచి కుర్చీ మీది లైటు వేసి ఆర్పింది. అద్దం వైపు చూసి నవ్వబోయి, బాగుండదేమోనని మానుకుంది.

తలుపు తోసుకుని ఒక జంట లోపలికి వచ్చింది.

"అక్కడ చాలా రష్‌గా ఉందండీ, ఇక్కడ చూస్తారేమోనని వచ్చాం" అన్నాడు మగమనిషి. "మా ఆవిడ బాత్‌రూమ్‌లో జారి పడింది. కాస్త ఆ పన్ను సంగతి చూడండి."

పరీక్ష మొదలైపోయింది అనుకుంది కంగారమ్మ.

ఆవిడ కుర్చీలో ఒదిగి కూర్చుంది. కింది పెదవి చిట్లి ఉంది. ముందుపన్ను సగమే ఉంది. దవడ కింద కమిలిన చోటు పసుపు రంగుకు తిరిగింది. పెదవిది ఇవాళ్టి దెబ్బ, దవడది పాతది. ఒక్కసారి పడితే కొత్తదీ పాతదీ కలిపి తగలవని ప్రొఫెసరమ్మ గొంతు చించుకుని చెప్పిన పాఠమే ఇది. ఆ మేకప్ వేసిన చేతికి దండం పెట్టాలనిపించింది.

ఏది అడిగినా ఆయనే జవాబిస్తున్నాడు. ఎప్పుడు పడిందో, ఎలా పడిందో, ఎన్నిసార్లు చెప్పినా చూసుకోకుండా ఎలా నడుస్తుందో ఏకరువు పెట్టాడు. ఆవిడవి నేలచూపులు. అదీ పాఠంలో ఉన్నదే. ఎక్స్‌రే తీయాలి, గదిలో ఇంకొకరు ఉండకూడదని చెప్పి కంగారమ్మ ఆయన్ని వరండాలోకి పంపింది. అంత ఉపాయం సమయానికి తట్టినందుకు తన మీద తనకే ముచ్చటేసింది.

"ఇంట్లో ఎవరైనా కొట్టారా అమ్మా?"

ఆవిడ చాలాసేపు తలుపు వైపే చూసింది.

"ఎవరికీ చెప్పరు కదా?"

"చెప్పను."

"ఆయనే. చెప్పానని తెలిస్తే మాత్రం ఈసారి బతకనివ్వడు."

కళ్లనీళ్లు జలజలా రాలాయి. గ్లిజరిన్ లేకుండా అంత ధారగా ఎలా ఏడుస్తారో అని కంగారమ్మ అబ్బురపడింది. తప్పు మీది కాదనీ, మీ వెనక మేమున్నామనీ, సాయం చేసేవాళ్లను పిలుస్తామనీ, బట్టీపట్టిన మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆవిడ కంగారమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తనను ఈ పూటకు ఇక్కడే ఉంచెయ్యమని గొణిగింది. పాత్రలో మునిగిపోయిందనుకుని కంగారమ్మ మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. అసలు మార్కులు చివర చెప్పే నిర్ణయానికే.

ఈసారి వినపడలేదన్న మాట రాకూడదు. లేచి నిలబడి, అద్దం వైపు తిరిగి గొంతెత్తింది.

"ఇవి జారి పడితే తగిలిన దెబ్బలు కావు. భర్త కొట్టినవి. పేషెంటే స్వయంగా చెప్పింది."

వరండా ఆ చివరిదాకా వినపడి ఉంటుంది. తలుపు తెరుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుర్చీలో ఉన్నావిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

కంగారమ్మకు మాత్రం గుండెల మీది కుంపటి దింపినట్టయింది. ఇద్దరూ ఎంతో సహజంగా చేశారని మెచ్చుకుంది. తనవల్ల ఇబ్బంది కలిగి ఉంటే ఏమనుకోవద్దంది.

"పద ఇంటికి" అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

మణికట్టు పట్టుకుని లేపాడు. ఆవిడ గుమ్మం దాటేదాకా వెనక్కి తిరిగి కంగారమ్మనే చూస్తూ వెళ్లింది. అయిపోయాక కూడా నటన మానరేమిటో అనుకుంది కంగారమ్మ. కుర్చీలో కూలబడింది. ఆగలేక అమ్మకు ఫోన్ చేసి, పాసైపోయినట్టేనని చెప్పేసింది కూడా.

ఫోన్ పెట్టేసేసరికి ప్రొఫెసరమ్మ గదిలోకి వచ్చి, వెనకున్న ఒకావిడను ముందుకు పిలిచి అన్నారు: "ఆలస్యమైంది, ఏమనుకోకమ్మా, నీ పేషెంటుగా నటించే ఈవిడకు మేకప్ ఇప్పుడే పూర్తయింది, ఇక పరీక్ష మొదలుపెడదామా?"