ప్రార్థన కంచె

చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం మూడో వరుస దాకా వచ్చాక బలరాంకు గుర్తొచ్చింది.

తీగ తియ్యలేదు!

రోజూ చీకటితోనే చేనుకు పోయి, కరెంటు తీగ మీద తగిలించిన కొండి తీసి, ఇనుప తీగ చుట్టి పొదలో దాచి, ఆ తర్వాతే మొహం కడుక్కునే మనిషి. ఈ రోజు తెల్లచొక్కా ఇస్త్రీ ధ్యాసలో పడి మర్చిపోయాడు. మొక్కజొన్న చేను చుట్టూ, మోకాలి ఎత్తున, అడవి పందుల కోసం కట్టిన సన్నటి తీగ అది. ముట్టుకుంటే మనిషి మిగలడు.

తలెత్తి చూశాడు. చర్చి రేకుల కింద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. రోజుకు పదిసార్లు పోయే కరెంటుకు ఈ రోజే బుద్ధొచ్చింది!

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. పదకొండున్నరకు కమ్లవ్వ మేకల్ని తోలుకుని ఆ గట్టు మీదుగానే అడవికి పోతుంది. ముసలిదానికి చూపు ఆనదు. కాళ్లకు చెప్పులుండవు. ఫోన్ చేసి ఎవరికైనా చెబుదామంటే తండాలో టవరే లేదు.

లేచి ఉరకాలి. కానీ ఎట్లా లేస్తాడు? ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టకుండా లేచిపోతే, వీడేదో పాపం దాచాడని సంఘమంతా చెవులు కొరుక్కుంటుంది. పైగా ఇంకో అరగంటలో తనను సంఘ పెద్దగా నిలబెట్టబోతున్నారు. అన్నిటికీ మించి ఒట్టు. కిందటి నెల పక్క తండాలో ఇలాంటి తీగ తగిలి ఒకతను చనిపోతే, కట్టినవాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఆ ఆదివారమే మంగీలాల్ పాస్టరు అందరిచేతా బైబిలు మీద చెయ్యి వేయించి ఇక తీగ కట్టబోమని ఒట్టు పెట్టించాడు. అందరికంటే ముందు చెయ్యి వేసింది బలరామే.

ఒట్టు పెట్టిన రోజు నుంచీ మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థన చేశాడు పాపం. పందులు వింటేనా? సగం చేను మేసి పోయాయి. చర్చి వెనకే ఉన్న పాస్టరు చేలో మాత్రం ఒక్క కంకి విరగలేదు. "నాది ప్రార్థన కంచె" అంటాడాయన నవ్వుతూ. తన విశ్వాసమే చాల్లేదని బలరాం సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే, ఎవరికీ తెలియకుండా మళ్లీ తీగ కట్టాడు.

"మనసుల మరక వెట్టుకోని ఈ రొట్టె ముట్టకుండ్రి" అంటున్నాడు పాస్టరు. "దేవునికి అన్ని ఎరుకే."

పక్కనున్న హేమ్లా పళ్లెం అందించాడు. "తీస్కో బావా, ఏంది గట్ల జూస్తున్నవ్?"

బలరాం చెయ్యి చాచలేదు. ఫ్యాను వంకే చూస్తున్నాడు. 'దేవా, ఒక్క పది నిమిషాలు కరెంటు తియ్యి. నీకు పుణ్యముంటది.' ఫ్యాను కాస్త నెమ్మదించింది. ఆగుతోంది... ఆగుతోంది... మళ్లీ గిర్రున అందుకుంది. గడియారంలో ముల్లు ఇంకో రెండు నిమిషాలు జరిగింది.

ఆడవాళ్ల వైపు నుంచి భార్య ప్రమీల కళ్లతోనే గద్దించింది, తీసుకోమని. బలరాం రొట్టె ముక్క పట్టుకున్నాడు. అది జారి కింద పడింది. ఇక ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ! నేను ముట్ట. నా చేన్ల కరెంటు తీగ ఉంది. ఒట్టు తప్పిన. పొద్దుగాల తీసుడు మర్సిన. కమ్లవ్వ గటే పోతది!"

"గిసుంటోన్నా పెద్దగ నిలవెట్టేది?" అన్నాడు ముందు వరుసలోంచి ముసలి పూల్‌సింగ్.

"అయ్యో, నీ మొకం మండ! ఇంకా నిలవడ్డవేంది? ఉరుకు!" అని అరిచింది ప్రమీల.

పాస్టరు ముఖం పాలిపోయింది. అంత కోపం ఆయనలో ఎన్నడూ చూడలేదు అనుకున్నారు జనం.

బలరాం జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాటాడు. దాటి, అక్కడే బిగుసుకుపోయాడు. ఎదురుగా మేకల గంటలు. వాటి వెనక కర్ర తాటించుకుంటూ, వక్క నములుకుంటూ కమ్లవ్వ!

"అవ్వా! నా చేను దిక్కు పోలేదానే?"

"ఏడ పోను బిడ్డా? నిన్న నీళ్లు పారించినవు గద, గట్టంత బురద. కాలు జారితే ఎత్తేటోడు లేడు. గందుకే గిట్ల తిరిగొచ్చిన" అని ఆమె మేకల్ని అదిలించింది. అవి చర్చి గోడ పక్క నుంచి వెనక వైపుకు మళ్లాయి.

బలరాం మెట్ల మీద కూలబడ్డాడు. తెల్లచొక్కా దుమ్ము కొట్టుకుపోతున్నా పట్టించుకోలేదు. పసిపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దరికం పోతే పోయింది, జైలైతే జైలు, ముసలిది బతికింది. గుమ్మంలోకి వచ్చిన హేమ్లా చేతులెత్తి "స్తోత్రం!" అన్నాడు. లోపల అందరూ అందుకున్నారు.

మేకల గంటలు చర్చి వెనక్కు సాగిపోతున్నాయి.

లోపల ద్రాక్షరసం గిన్నె ఠంగుమని నేల మీద పడింది. బల్ల పక్కకు నెట్టి, కిటికీ చువ్వలు పట్టుకుని పాస్టరు గొంతు చించుకున్నాడు:

"అవ్వా, ఆగు! నా కంచెకు గూడ కరెంటుంది!"