కనుమ దాకా వెళ్ళిన గుర్రాలు

గుర్రం మీదున్న మఠాధిపతి రిన్పోచే పెదవులు నీలంగా కనిపించాయి. చలికా, ఇంకేమన్నానా? నోర్జిన్ గబగబా ముందుకు నడిచింది.

"లోపొన్ గారూ, ఒక్కసారి ఆపండి. ఆయన పెదాలు చూడండి."

పెద్ద సన్యాసి లోపొన్ విసుగ్గా వెనక్కి తిరిగాడు. "పొద్దుట్నించి ఇది అయిదోసారమ్మా. ఇందాక చేతులన్నావు. అంతకుముందు కళ్ళన్నావు."

"మైదానం మనుషులం. మొన్ననే విమానం దిగాం. వారం రోజులు లేహ్‌లో ఉండి ఈ గాలికి అలవాటు పడమని డాక్టరు మరీమరీ చెప్పాడు."

"డాక్టరు కోసం పున్నమి ఆగుతుందా?"

ఆగదు. పున్నమి ఎల్లుండే. కనుమకు అవతల మఠంలో రిన్పోచే గద్దె మీద కూర్చుని ఆశీర్వదించాలి. పన్నెండు ఊళ్ళ జనం మందల్ని వదిలేసి వచ్చి అక్కడ గుడారాలు వేసుకున్నారు. ఈ ముహూర్తం తప్పితే మళ్ళీ ఏడాది దాకా లేదు.

గుంపులో ఆడమనిషి నోర్జిన్ ఒక్కతే. రిన్పోచే తిండీ పడకా చూసుకోవడానికని వెంట రానిచ్చారు. మైసూరు దగ్గరి టిబెటన్ కాలనీలో, మొక్కజొన్న చేల మధ్య, ఆయనకు తలనొప్పంటే ఏమిటో తెలియదు. ఇక్కడ నిన్నట్నించి ఒకటే దగ్గు. పొద్దున సంపా పిండి ముద్ద ముట్టలేదు. తాగిన వెన్న టీ కాస్తా కక్కేశారు. ఆమె చేత్తో పెట్టింది ఎన్నడూ వద్దనని మనిషి.

గుర్రాలవాడు అంగ్చుక్ నవ్వాడు. "మీ భయం చూసి నా గుర్రాలు కూడా బెదురుతున్నాయక్కా. కొత్తవాళ్ళకి ఈ కొండ తల మీద ఒక మొట్టికాయ వేస్తుంది. తర్వాత అదే వదిలేస్తుంది."

"వదలకపోతే?"

అంగ్చుక్ నవ్వు ఆపేశాడు. పోయినేడు ఒక ఫొటోలాయన్ని గుర్రానికి అడ్డంగా కట్టి ఈ దారినే దించింది అతను. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయట. నిన్న ఆ కబురు అతని నోటే విన్న దగ్గర్నుంచీ నోర్జిన్‌కి ఏ గుర్రాన్ని చూసినా దాని మీద అడ్డంగా ఎవరో కనిపిస్తున్నారు.

ఆమె వెళ్ళి లోపొన్ దారికి అడ్డం నిలబడింది. "వెనక్కి తిప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తిప్పడానికి నేనెవర్ని? రిన్పోచే తన నోటితో అంటే ఈ క్షణం దిగుతాం. ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు ఇక్కడ లేరు. ఆయన తరఫున చెప్పేవాళ్ళూ లేరు. నువ్వైనా సరే."

నోర్జిన్ గుర్రం దగ్గరికి వెళ్ళింది. చెరోపక్కా పట్టుకు నడుస్తున్న సన్యాసులు కాస్త జరిగారు. తాకబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, తల వంచి, మెల్లగా అడిగింది.

"రిన్పోచే, తల నొప్పిగా ఉందా?"

ఆయన లోపొన్ వైపు చూశారు. "లేదు."

"ఊపిరి అందుతోందా?"

ఆయన ఛాతీలో బుడబుడమని చప్పుడు వినిపించింది. నోర్జిన్ చేతులు జోడించింది.

"బాగోలేదని ఒక్క మాట అనండి. తమకి మొక్కుతాను."

"అనకూడదు," అన్నారాయన. "అందరూ చూస్తున్నారు."

ముందు గుర్రాలు, వెనక బూరలూ జెండాలూ పట్టుకున్న సన్యాసులు. నిజంగానే అందరూ చూస్తున్నారు.

"అయితే నా గురించి అనండి. నాకు తల పగిలిపోతోంది, రిన్పోచే. ఇంకో అడుగు వేస్తే ఇక్కడే పడిపోతాను."

అందులో అబద్ధం సగమే.

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత లోపొన్ వైపు చెయ్యెత్తారు.

"ఈమెకి బాగోలేదు. కిందికి పోదాం."

"పైన జనం కాచుకుని ఉన్నారు, రిన్పోచే... ముహూర్తం..."

"కిందికి."

లోపొన్ నడుం వంచి దండం పెట్టాడు.

ముప్ఫై గుర్రాలూ వెనక్కి మళ్ళుతుంటే, చనిపోయిన పాత మఠాధిపతే మళ్ళీ పుట్టాడని మఠం వాళ్ళు తేల్చి మూడు నెలల కిందట తన ఒళ్ళోంచి తీసుకున్న నాలుగేళ్ళ కొడుకుని, నోర్జిన్ ఎవర్నీ అడక్కుండా గుర్రం మీంచి దించి చంకనేసుకుని కొండ దిగసాగింది.