అన్న పేరు తొడుక్కుని

ప్రెస్సు మిషన్ నా కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుపోయి నెలయింది.

"నష్టపరిహారం కేసు గట్టిదే. ఎల్లుండి డాక్టరు పరీక్ష," అంది లాయరమ్మ. "ముందు ఎడమ బొటనవేలి ముద్ర పర్మిట్ కార్డుతో సరిచూస్తారు. ఆ తర్వాతే తెగిన వేళ్ళు చూస్తారు."

నేనూ అన్నా మొహమొహాలు చూసుకున్నాం. ఈ పరాయి దేశంలో పనిచేసే పర్మిట్ అన్నకే ఉంది, నాకు లేదు. చిన్నప్పుడు అన్న చొక్కాలు తొడుక్కున్నట్టే ఫ్యాక్టరీలో అన్న పేరు తొడుక్కున్నాను. ఆస్పత్రి కాగితాల్లో తెగినవి అన్న వేళ్ళే.

ఇక దాచలేక చెప్పేశాం. లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వెళ్తే ముద్ర కలవదు. మీ అన్న వెళ్తే పది వేళ్ళూ ఉంటాయి. ఎవరూ వెళ్ళకపోతే అధికారులే వెతుక్కుంటూ వస్తారు. దొరికితే ఇద్దరినీ ఈ దేశం నుంచి పంపించేస్తారు."

"కేసు వెనక్కి తీసుకుంటే?"

"కేసు ఆగుతుంది. విచారణ ఆగదు."

మెట్లు దిగుతూ అన్న మధ్యలో ఆగిపోయాడు.

"నొప్పి ఎన్నాళ్ళుంటుందిరా?"

"నాకు తగ్గుతోందిలే అన్నయ్యా."

అన్న నా కట్టు వంక చూడటం లేదు. తన కుడిచేతి వేళ్ళలో ఆ రెండింటినీ మడిచి చూసుకుంటున్నాడు.